వంకర తీసిన ఎయిర్‌గన్

ఆదివారం, దంతాలపల్లి. తెలంగాణ బంద్ మూడో రోజు.

బస్సుల్లేకపోయినా జనం ట్రాక్టర్లెక్కి జాతరకు వచ్చారు. బుడగలు కాల్చే మా దుకాణం ముందు మంచి సందడి.

ఆ చవక ఎయిర్‌గన్ వారం రోజులు నా ప్రాణం తీసింది. లోపలి తోలు వాషర్ ఎండిపోయి, గుండు బుడగ దాకా పోయేదే కాదు. పాత చెప్పు తోలుతో రెండు కోసి చూశాను, రెండూ చిరిగాయి. చివరికి సైకిల్ పంపు వాషర్‌ను నూనెలో నానబెట్టి వేస్తే అతికినట్టు కూర్చుంది! ఆ సంబరంలో, గిరాకీల గురి తప్పాలని మా ఆయన పక్కకు వంచిపెట్టిన, గొట్టం చివరి గురిపుల్లను కూడా సరిచేసేశాను.

సాయంత్రం తండా నుంచి వచ్చిన ఒక అవ్వ దానితోనే వరసగా బుడగలు పేల్చింది. మూడోది పేలగానే మా ఆయన నా చెవిలో గునిశాడు.

"అందరు గిట్లనే కొడితె మనమేం తినాలె?"

"ఇయ్యాల మాత్రం నా తుపాకిని ముట్టకు" అన్నాను.

ఆయన భయమూ నిజమే. రేపు మళ్లీ వంచాల్సి వస్తుందేమో...

ఐదోది కూడా పేలాక అవ్వ తుపాకీని తిప్పి తిప్పి చూసింది. "నిజంగ నేనే కొట్టిన్నా, బిడ్డా?"

ఇన్నేళ్లుగా ఓడిన ప్రతి ఒక్కరికీ "నీ చెయ్యి వణికింది" అని చెప్పిన నోటితోనే అన్నాను.

"నువ్వే కొట్టినవ్, అవ్వా."