హాలెన్‌క్రూగ్ పేరు వదిలించమని

ఒకహాంజా, జూలై 1994

పౌర నమోదు అధికారిగారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా నాన్న జఖరియాస్‌కు హాలెన్‌క్రూగ్ ఇంటిపేరు తీసి, ఆయన తల్లి తండ్రిదైన కాచిరువే పేరు ఇప్పించుట గురించి.

1. సదరు పేరు జర్మనీలో ఒక్క ఊళ్ళో ఒక్క సారాకొట్టు ఇంటివారిది. ఉత్తరం రాస్తే అక్కడి పాదిరిగారు, ఆ వంశంలో ఇప్పుడు సమాధిరాళ్ళే మిగిలాయని జవాబిచ్చినారు. ఆ ఇంటి కొడుకొకడు జర్మన్ల ఏలుబడిలో సిపాయిగా మా దేశం వచ్చి, ఖైదీల శిబిరంలో హాజరు పిలిచేవాడు. మా నాయనమ్మ అందులో ఖైదీ. ఇంతకుమించి వివరం తమకు అక్కర్లేదు.

2. తమరు మా హెరెరో జాతివారు కారు గనుక మనవి. పవిత్రమైన నిప్పు దగ్గర మా కులపెద్ద నోట్లో నీళ్ళు పోసుకుని మా మొహాన చల్లి, "ఫలానావాడి కొడుకు వచ్చాడు" అని పితరులకు చెప్పవలెను. మా నాన్న వంతు రాగానే, ఆ సిపాయి పేరు పితరులకు చెప్పలేక ఆ నీళ్ళు మింగేస్తారు. ఆయన ఎనభై ఏడేళ్ళ బతుకులో నలుగురు పెద్దలు మింగిన నీళ్ళతో ఒక మందకు దాహం తీరును. సర్కారు ముద్రతో కాచిరువే అని ఉంటే మింగనని ఇప్పటి పెద్ద మాటిచ్చాడు.

3. నాన్న మంచాన పడ్డాడు. ప్రతి మధ్యాహ్నం ఉలిక్కిపడి "ఉన్నాను దొరా!" అంటున్నాడు. "ఎవరు నాన్నా?" అంటే, "కాగితం పట్టుకుని పిలుస్తున్నాడ్రా. చచ్చాక కూడా వాడి వరసలోనే నిలబెడతాడు. పేరు తీయించరా" అని ఏడుపు.

4. తమ గుమాస్తా "పండు ముసలికి కొత్త పేరెందుకయ్యా, పెళ్ళికా?" అనగా, నేను "నీ చెల్లెల్నిస్తావా బావా?" అన్న మాట నిజమే. క్షమించగలరు. అయినా గెజిట్‌లో ప్రకటన వేశారు. లూడెరిట్జ్ నుంచి మాగ్డలేనా హాలెన్‌క్రూగ్ అను నామా జాతి ముసలమ్మ అభ్యంతరం పెట్టింది.

5. తగువుకని రెండు రోజులు లారీల మీద పోయాను. తలుపు తీసిన ముఖాన మా నాన్న ముక్కే ఉంది.

"మా పేరుతో నీకేం పనే ముసలీ?"

"కూర్చో మేనల్లుడా. మా అమ్మదీ ఆ శిబిరమే. మీ నాన్నని మధ్యాహ్నం పిలుస్తాడా?"

నేనింకా ఏమీ చెప్పలేదయ్యా.

"నన్ను పొద్దున పిలుస్తాడు. పలికేవాళ్ళం ఇద్దరమే. మీ నాన్న తప్పుకుంటే రోజంతా నా గుమ్మంలోనే ఉంటాడ్రా."

నాకు నవ్వు రాలేదు. అదెంత వింతో మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

కావున ఆమెకు కూడా తల్లి ఇంటిపేరు ఇప్పించి, ఇద్దరి పేర్లూ ఒకే రోజు, ఒకే గంటలో మార్చ ప్రార్థన. ఆమె వేలిముద్ర జతపరచితిని. నాన్నకు వారం కంటే ఎక్కువ గడువు లేదని నర్సమ్మ అన్నది. ఆ వారం దాటకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎలిఫాస్ హాలెన్‌క్రూగ్

తా.క.: నా పేరు ముట్టుకోకండి. పలికేవాడు ఒక్కడూ లేకపోతే మళ్ళీ వాళ్ళిద్దరినే వెతుక్కుంటూ పోతాడు. నిన్న మా పెరట్లోకొచ్చి నన్నూ పిలిచాడు. "ఉన్నాన్రా, ఏంటి?" అన్నాను. అట్లా అడిగినవాడు ఇన్నాళ్ళూ లేడనుకుంటాను. చాలాసేపు కాగితం తిరగేస్తున్న చప్పుడు వినపడింది.