గాలికొచ్చిన పూత

ఫిబ్రవరి, శనివారం. పాకాల.

లడఖ్ కొండల మీది సరస్సు అడుగు నుంచి తెచ్చిన బురదను ఈ రోజంతా తిరుపతి ల్యాబులో చూస్తానే ఉన్నాను. వేల ఏండ్ల కిందట, భూమంతా బాగా చల్లబడిన కాలంలో పేరుకుందనుకున్న పొరలో పైన్ చెట్ల పుప్పొడి కనిపించింది. అప్పుడు అంత ఎత్తులో చెట్లు బతికేంత వెచ్చగా ఉండిందా, లేకపోతే కింద లోయలోంచి గాలి మోసుకొచ్చిందా? మా గైడు మేడాన్ని అడిగితే, "నువ్వే తేల్చుకో" అనేసింది. ఏం తేల్చేది, నా తలకాయ!

ఇంటికొస్తే వాకిట్లో మంచం మీదంతా మామిడి పూత.

"యాడిది నాయనా?"

"పక్కోళ్ల తోటదిమ్మా, గాలికొచ్చినాది" అని దులిపేసినాడు.

బోరెండిపోయి మా చెట్లు కొట్టేసి శానా ఏండ్లయింది. ఎప్పుడో ఎవరన్నా మా వాకిట్లో మన్ను తవ్వి ఈ పూత పుప్పొడి చూస్తే, ఈ ఇంటోళ్లకి తోట ఉండిందని రాసుకుంటారు.

తప్పు రాసినట్టా?

ఉండింది కదా మరి.