నాలుగింటి చిమ్మిలి

గవరపాలెం, అనకాపల్లి
9 ఆగస్టు 2024

మరదలు లావణ్యకి,

నీ వదిన నూకరత్నం నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, తమ్ముడు నానాజీ, నీ కూతురు ధనశ్రీ బాగానే ఉన్నాం. హైదరాబాదులో నీ ట్రైనింగు బాగా సాగుతోందని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోను మోగితే చాలు, ధనశ్రీ నా ఒళ్లోకెక్కి కూర్చుంటుంది. దాని ముందు చెప్పే మాటలు కావివి.

వెళ్లేటప్పుడు నువ్వు గట్టిగా చెప్పావు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో బిస్కెట్టు ముక్క కూడా పెట్టొద్దన్నావు. చిరుతిళ్ల వల్లే అది అన్నం దగ్గర పేచీ పెడుతోందన్నావు. నాలుగేళ్ల పిల్ల రాత్రి దాకా ఎలా ఆగుతుందని నాకనిపించింది. అయినా నీ బిడ్డ, నీ మాట. సరేనన్నాను.

మొదటి మూడు రోజులూ నాలుగయ్యేసరికి నా కొంగు పట్టుకుని ఏడ్చింది. మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టాను. నాలుగో రోజు ఏడవలేదు. భోజనమయ్యాక నేను కాస్త నడుం వాలుస్తాను కదా, లేచి చూస్తే పెరటి గుమ్మం మీద కూర్చుని ఏదో నములుతోంది. దాని నోరు వాసన చూశాను. నువ్వులు, బెల్లం. చిమ్మిలి! ఎవరిచ్చారని అడిగితే, “మామ్మ ఎట్టింది” అంది.

ఏ మామ్మే అన్నాను. నా మొహం వంక చాలాసేపు చూసింది. “నీలాగే ఉంటాది. నువ్వు కాదు. అత్తకి సెప్పొద్దంది” అంది.

నాలాగే ఉండే మనిషి ఒక్కతే, మా అమ్మ. నువ్వు కాపురానికి రాకముందే పోయింది. మేం బడి నుంచి రాగానే ఆ గుమ్మం మీదే కూర్చోబెట్టి మాకు చిమ్మిలి పెట్టేది. ధనశ్రీకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నానాజీకి చెబితే నవ్వేశాడు. ఎవరో పక్కింటివాళ్లు పెట్టుంటారన్నాడు. మర్నాడు పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్డున దోపుకుని పడుకున్నాను. లేచేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి నా బొడ్డునే ఉంది. గుమ్మం మీద పిల్ల పెదాలు నాక్కుంటోంది.

ఆ తర్వాతి రోజు పడుకోకూడదని దాని పక్కనే కుర్చీ వేసుకున్నాను. గడియారంలో నాలుగుకి పది నిమిషాలుండడం గుర్తుంది. మళ్లీ చూస్తే నాలుగున్నర. పిల్ల నా మొహంలో మొహం పెట్టి చూస్తోంది. “మామ్మ ఎలిపోనాది. నువ్వొచ్చీసేవు” అంది.

నిజం చెప్పాలంటే నాకు భయం కంటే ఉక్రోషం ఎక్కువైంది. పన్నెండేళ్లలో నాకు కల్లోనైనా కనిపించని అమ్మ, దీనికోసం రోజూ వస్తోందా అనుకున్నాను.

ఒక్క మాట మాత్రం నీకు చెప్పాలి. చిమ్మిలి తిన్నాక పిల్ల అన్నం మానలేదు. రాత్రి పేచీ లేకుండా రెండోసారి పెట్టించుకుంటోంది. ఏడ్చి ఏడ్చి ఆకలి చచ్చిపోయిన ఆ మూడు రోజులే కంచం తోసేసింది. కోపం తెచ్చుకోకుండా ఆలోచించు.

వేళకి తిను. ఒంట్లో ఎలా ఉందో రాయి.

నీ మేలు కోరే వదిన,
నూకరత్నం

తా.క.: కవరు అంటించబోతూ మళ్లీ తెరిచాను. ఇందాక పక్కింటి అప్పలనర్సమ్మని, మా పెరట్లోకి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, “ఏటే, రోజూ నువ్వే కదా పిల్లకి చిమ్మిలి ఎడతన్నావు, నన్నడుగుతావేటి?” అంది. మా అమ్మ గొంతుతో నేను పిల్లని ఆడిస్తుంటే ముచ్చటేసిందని, మేడ మీద నుంచి తీసిన వీడియో చూపించింది.

అందులో ఉన్నది నేనే. అమ్మలా నడుం వంచి నడుస్తున్నాను. ధనశ్రీకి తినిపించి, మిగిలిన ముక్క నా నోట్లో నేనే పెట్టుకున్నాను. నా తల నేనే నిమురుకుంటూ, “తినే నూకా, బళ్లో ఎంత ఆకలేసిందో ఏటో” అన్నాను. అందులో ఒక్కటీ నాకు గుర్తులేదు.

నానాజీ ఈసారి నవ్వలేదు. సోమవారం విశాఖలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నువ్వులు వేయించాలంటే స్టవ్ వెలిగించే ఉంటాను కదా. అలాంటి మనిషి దగ్గర పిల్లని ఉంచకూడదు. రేపే సబ్బవరం మీ అమ్మగారింటికి పంపిస్తున్నాను. నాలుగింటికి దానికి ఏదో ఒకటి పెట్టమని ఆవిడతో నువ్వే చెప్పు.

బట్టలు సర్దుతుంటే ధనశ్రీ వచ్చి, “మామ్మ కూడా వత్తాదా?” అని నన్నే అడిగింది. రాదని చెప్పి, మడతపెట్టిన గౌనునే విప్పి మళ్లీ మడతపెట్టాను.