నా పేరుమీది షేర్లు

ఏమండీ,

పాప కార్తీకను కాట్పాడిలో రైలెక్కించేదానికి పోతా ఉండాను, సాయంత్రానికి వచ్చేస్తాను. చారు పొయ్యిమీద ఉండాది. వేడి చేసుకుని కడుపునిండా తినండి.

మన అంగట్లో అమ్ముడుపోని లుంగీలను ఆడి నెల తగ్గింపు అమ్మకాల్లో వచ్చిన ధరకు తోసేస్తారు గదా. షేర్లు మాత్రం పెరిగినవాటిని అమ్మేసి, పడినవాటిని పట్టుకుని కూర్చున్నారు. అడిగితే "అంతా బాగానే ఉండాది వాసవీ" అని నవ్వినారు. పడితే పడనీ, ఆ లుంగీల మాదిరే వదిలించుకుందాం. ఒక్కరే మనసులో పెట్టుకుని సరిగా అన్నం తినకుండా ఉండారే, దానికే నాకు కోపం.

ఇంకొకటి. ఆ షేర్ల అకౌంటు నా పేరుమీద తెరిచినారని మరిచిపోయినట్లు ఉండారు. ఏది అమ్మినారో, ఏది ఎంత పడిందో రోజూ సాయంత్రం మెసేజి నా ఫోనుకే వస్తాది. మీరు నవ్వినప్పుడల్లా నేనూ ఏమీ తెలియనట్లే నవ్వినాను.