ఎత్తని చెయ్యి

శనివారం, రాత్రి

మండల కార్యదర్శి ఎన్నిక మా వరండాలోనే జరిగింది. మా ఎర్రజెండా పార్టీ మొత్తానికి ఆ వరండా చాలు. ఆడవాళ్ళు కూడా ఉండాలని మా ఆయన నా పేరు సభ్యత్వంలో రాయించారు. నా పని టీ పెట్టడం, చెయ్యి ఎత్తడం.

పాత కార్యదర్శి రమణయ్య మళ్ళీ నిలబడ్డాడు. పోయిన వేసవిలో, రొయ్యల గుంటల ఉప్పు తన బావిలోకి దిగిందని అమ్మ వచ్చి అతని ముందు ఏడ్చింది. ఆ గుంటల ఆసామి పార్టీ సభలకు షామియానా వేయిస్తాడు.

"సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళకు ఉప్పు కొత్తేందమ్మా?" అన్నాడు రమణయ్య. అందరూ నవ్వారు. మా ఆయన కూడా. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ అతని పేరు చదవగానే సగం చేతులు లేచాయి. గెలవడానికి ఒక్కటి తక్కువైంది. అందరూ వంటింటి గడప వైపు, నా వైపు తిరిగారు.

"ఏమ్మా, చెయ్యి నొప్పా?" అన్నాడు రమణయ్య నవ్వుతూ.

"లేదన్నా, బాగానే ఉండాది."

"ఎత్తు" అన్నారు మా ఆయన పళ్ళ బిగువున. ఎత్తలేదు. తర్వాత అతని మీద నిలబడ్డ మేస్త్రి పోలయ్యన్న పేరు చదివారు. దానికి ఎత్తాను. ఆ ఒక్క చేత్తో పదవి పోలయ్యన్నకు వచ్చింది.

అతనైనా గుంటల దగ్గరికి వెళ్ళి అడుగుతాడో లేదో. అతనికీ షామియానా కావాలి కదా...

"రమణయ్యన్న ముఖం చూసినావా? ఎట్లా చిన్నబోయినాడో" అంటూ మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

చూశాను. కళ్ళు తిప్పకుండా చూశాను. రేపు అమ్మకు వివరంగా చెప్పాలి.