ఇరవైరెండు మెట్లు, తొమ్మిది నిమిషాలు

నవంబరు 3

అత్తయ్య ఈ రోజు నాకు అబద్ధం చెప్పింది. డాబా మీద టెలిస్కోపులో శని గ్రహం చూద్దువుగాని రమ్మని పిలిచాను. మోకాళ్లు పట్టుకుంటూ ఇరవైరెండు మెట్లు ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. వచ్చి కన్ను పెట్టి, చాలా బాగుందే అమ్మాయ్, వలయం కూడా కనపడింది అంది. తర్వాత నేను చూస్తే అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. శని ఎప్పుడో జారుకుంది.

కళ్లజోళ్ల షాపులో పదకొండేళ్లుగా చూపు పరీక్షిస్తున్నాను. మొహమాటానికి కనపడుతోంది అనేవాళ్లను గొంతును బట్టే పట్టేస్తాను. అత్తయ్యది అచ్చం అదే గొంతు.

నవంబరు 4

పందొమ్మిదిన అత్తయ్యకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత మూడు నెలలు మెట్లెక్కకూడదట. అప్పటికి శని సూర్యుడి వైపు వెళ్లిపోతుంది. అంటే ఈ పదిహేను రోజుల్లోనే శనిని కనీసం పావుగంట ఒకచోట కూర్చోబెట్టాలి.

టెలిస్కోపుకు మోటారు ఉంది. లోపం నాది. ఆకాశమంతా ధ్రువ నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. టెలిస్కోపును మోసే మౌంటు ఇరుసును సరిగ్గా అటు గురిపెడితేనే మోటారు టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పగలదు. ఇన్నాళ్లూ ఉత్తరం అటేగా అని సుమారుగా పెట్టేసేదాన్ని. ఒట్టి బద్ధకం.

నవంబరు 6, రాత్రి 8

దొరికింది! ఉత్తరాన, బాగా కిందికి, తెల్లగా, ఒంటరిగా. గంటసేపు చూశాను, వెంట్రుకవాసి కదల్లేదు. ధ్రువ నక్షత్రం కాక ఇంకేమిటి? ఇరుసులోని చిన్న గొట్టంలోంచి చూస్తూ దాన్ని నడిమధ్యకు తెచ్చాను. మా ఆయన స్పానర్‌తో బోల్టులు బిగించాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్లో అందరినీ పైకి చేరుస్తావు, కన్నతల్లికి మాత్రం మెట్లేనా అన్నాను. ఉడుక్కున్నాడు.

8.40

శని నాలుగు నిమిషాలకే చెక్కేసింది.

నవంబరు 7

ఐదు నిమిషాలు. నీ బోల్టులే వదులు అని ఆయన ప్రాణం తోడేశాను.

నవంబరు 9

ఏడున్నరకు కరెంటు పోయింది. ధ్రువ నక్షత్రం కూడా పోయింది.

నవంబరు 10

అది పాల డెయిరీ చిమ్నీ మీది దీపం.

ఆయన నవ్వీ నవ్వీ డాబా మీద కూలబడ్డాడు. కదలకపోవడంలో దానికేం తక్కువ అని దబాయించాను గానీ, తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. కిందికి దిగగానే వాళ్లమ్మకు చేరేశాడు. పాపం, నా కోసం డెయిరీని కూడా వదల్లేదన్నమాట అందట అత్తయ్య. తన కోసమేనని నేనెప్పుడూ చెప్పలేదే!

అసలుది చిమ్నీకి ఎడమ పక్కన, నాలుగు వేళ్ల ఎడంలో, మసగ్గా ఉంది. అంత పేరున్న నక్షత్రం ఇంత బక్కగా ఉంటుందనుకోలేదు.

నవంబరు 11

ఇరవై నిమిషాలు!! శని కదిలితే ఒట్టు. స్టాండు మూడు కాళ్ల చుట్టూ నా ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తులు గీశాను.

నవంబరు 12

ఆయన స్టాండును ఎండలోకి జరిపి మరీ దాని మీద తడి యూనిఫాం ఆరేశాడు. ఆయనతో మాటల్లేవు.

నవంబరు 14

మబ్బు.

నవంబరు 16

వాన. అత్తయ్య ఆసుపత్రికి సంచి సర్దుకుంటోంది. శనిదేముందే, నువ్వు దిగులు పడకు అంది. నాకు ఏడుపొచ్చింది.

నవంబరు 17, సాయంత్రం 7.10

వాన వెలిసింది. నెయిల్ పాలిష్ చెక్కుచెదరలేదు. కాళ్లను గుర్తుల్లో పెట్టి, ఇరుసును మళ్లీ సరిచూశాను. ఈసారి ముందు చిమ్నీ ఎక్కడుందో చూసుకున్నాను. శని మధ్యలో ఉంది. ఆయన వాళ్లమ్మను తీసుకురావడానికి దిగాడు. మెట్ల మీద చప్పుడు వింటూ రాస్తున్నాను. పదకొండో మెట్టు దగ్గర ఆగారు. టెలిస్కోపును ముట్టుకోకూడదని చేతులకు ఈ పని పెట్టాను.

7.35

అత్తయ్య కన్ను పెట్టింది. బాగుంది అనలేదు. కన్ను తీయకుండానే, మొన్న నాకేం కనపడలేదే అమ్మాయ్ అంది. కుర్చీ వేయమంది.

8.20

శని కదల్లేదు. అత్తయ్యా కదల్లేదు. మా ఆయన లైన్లో నిలబడ్డాడు.