పొద్దుటి బస్సు ఆలస్యం గురించి

డిపో మేనేజర్ గారికి నమస్కారాలు.

నిన్న పొద్దుటి బస్సు మా ఊళ్లో ఆలస్యమైనందుకు కండక్టర్ సారికను సంజాయిషీ అడిగారట. తప్పు ఆ అమ్మాయిది కాదండి, నాది.

మా ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లింది ఆ బస్సులోనే. మీరు దాన్ని రద్దు చేస్తే ఊరంతా అర్జీలు పెట్టాం. "డ్రైవర్లు లేరమ్మా, చూద్దాం" అన్నారు. ఆటో దొరకని రోజుల్లో ఆయన ఇంట్లోనే ఉండిపోయారు.

బస్సు నిన్న మళ్లీ వచ్చింది. అల్లిన లేసు అప్పజెప్పడానికి టౌనుకి బయల్దేరాను. అలవాటుకొద్దీ కిటికీలోంచి ఆయన తువ్వాలు వేసి పక్క సీటు కూడా పట్టాను. "ఎవరికండీ?" అంది సారిక. "మా ఆయన వస్తున్నారు, కాస్త ఆపమ్మా" అన్నాను. ఆపింది.

ఆయన పోయి నెల దాటిందని ఆ అమ్మాయికి తెలియదు. బస్సులో తక్కినవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ తొందరపెట్టలేదండి.